పిచ్చయ్య మామ పంపు మూత

2009 నవంబర్ 8, ఆదివారం

బాబాయ్ మిషన్ ఇవాళ మొదటిసారి పనికొచ్చే వస్తువు చేసింది. ఒక మూత. ఇంతకు ముందు చేసినవన్నీ వంకర డబ్బాలు, తల లేని ఏనుగు, మోగని విజిల్.

అన్వర్ బాబాయ్ చిలకలూరిపేట అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. అక్కడ బీరువా అంత ఫారిన్ మిషన్ ఉందట. ప్లాస్టిక్ తీగని కరిగించి, సన్నటి దారంలా వదులుతూ, పొర మీద పొర వేసి, కంప్యూటర్‌లో గీసింది గీసినట్టు చేస్తుంది. దాన్ని ముట్టుకోవాలంటే హెచ్.ఓ.డి. పర్మిషన్ కావాలి. అందుకని బాబాయ్ నెట్‌లో డ్రాయింగులు దింపుకుని, పాత జెరాక్స్ మిషన్ల మోటార్లు, స్టీల్ రాడ్లు పెట్టి పర్చూరులో మా మేడ మీదే ఒకటి కట్టాడు. నాయనమ్మ దాన్ని జంతికల గొట్టం అంటుంది. అన్వరూ, నీ జంతికల గొట్టం ఆపరా, ఫ్యాన్ తిరగట్లేదు, అని కింద నుంచి అరుస్తుంది. బాబాయ్ జంతికలు కాలుతున్నాయమ్మా, ఆపితే మాడతాయి అంటాడు.

మూత పిచ్చయ్య మామకి. మామది మా వెనక వీధి. కౌలుకి మిరప వేశాడు. మందు కొట్టే తైవాన్ పంపు బాగా పాతది, దాని మూత పగిలింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. వేరే కంపెనీల మూతలు ఆ ట్యాంక్ మూతికి పట్టవు. నాన్నది పంపులు రిపేర్ చేసే షాపే, అయినా నా వల్ల కాదు పిచ్చయ్యా అనేశాడు. మామ మూతి మీద పాలిథిన్ కవరు కప్పి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కొడుతున్నాడు. వీపు మీద పంపు, నడిచినప్పుడల్లా కవరు పక్క నుంచి మందు కారుతుంది. మొన్న షాపులో చొక్కా ఎత్తి నాన్నకి చూపించాడు. నడుం పైన అంతా ఎర్రగా, పొక్కులు. నేను కౌంటర్ వెనక ఉన్నాను. చూడకుండా ఉంటే బాగుండేది.

నవంబర్ 10, మంగళవారం

స్కూల్ నుంచి రాగానే మేడ మీదకి పోయాను. నా పని తీగ చుట్ట పట్టుకుని, చిక్కు పడకుండా వదలడం. బాబాయ్ దీనికి నాకు 'ఫీడ్ ఇంజనీర్' అని పేరు పెట్టాడు.

అది మామూలు తీగ కాదు, ప్లాస్టిక్ వెల్డింగ్ చేసే రాడ్. విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. ABS. హెల్మెట్లు, టీవీ డబ్బాలు చేసే ప్లాస్టిక్ అదేనట. ఈ మిషన్‌తో బొమ్మలు చేస్తారనుకుంటారు అందరూ, అసలు పని ఫ్యాక్టరీల్లో ఉంది అన్నాడు బాబాయ్. డ్రిల్ ఎక్కడ పడాలో చూపించే జిగ్గులు, పోత పోయడానికి ముందు అచ్చుకి ప్యాటర్న్‌లు, పాత మిషన్లకి ఎక్కడా దొరకని స్పేర్లు. ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ళు కప్పీ పోత పోయించుకోవడానికి కాలేజీకొచ్చి ప్యాటర్న్ చేయించుకున్నారట.

వస్తువు గీయడం కాదే నజ్మీన్ కష్టం, ప్లాస్టిక్ ఎంచుకోవడం కష్టం, అన్నాడు. పెళ్ళి సంబంధం లాంటిదట. రూపం చూసి ఒప్పుకుంటే అయిపోతాం, అది ఎక్కడ బతకాలి, ఎండలోనా నీళ్ళలోనా అని కనుక్కోవాలట. ఆ జ్ఞానం ఆయనకి అల్లాబక్షు ఆటో వల్ల వచ్చింది. మొక్కజొన్నతో చేసే ప్లాస్టిక్ అని ఎవరో ఫ్రెండ్ శాంపిల్ చుట్ట ఇస్తే, దాంతో అల్లాబక్షు ఆటోలో సెల్‌ఫోన్ పెట్టుకోడానికి స్టాండ్ చేసిచ్చాడు. కరుగుతుంటే తీపి వాసన వచ్చింది, ఎంత బాగుందో. మధ్యాహ్నం ఆటో ఎండలో పెట్టి అన్నానికి పోయొచ్చేసరికి స్టాండ్ తల వాల్చేసింది. అల్లాబక్షు ఇప్పటికీ బాబాయ్ కనపడితే మెడ వాల్చి నడుస్తాడు.

నవంబర్ 13, శుక్రవారం

ఇది ఎవరికీ తెలియదు. నా దగ్గర నెయిల్ పాలిష్ ఉంది. జ్యోతిర్మయి ఇచ్చింది. మెరూన్. నెలలో నమాజు లేని ఆ నాలుగైదు రోజులే పెట్టుకుంటాను, కాలి వేళ్ళకి మాత్రమే, సాక్స్ లోపల. గోళ్ళకి రంగుంటే నీళ్ళు తగలవు, నమాజుకి ముందు కడుక్కునే వజూ కాదని నాయనమ్మ ఒకసారి పక్కింటి పిల్లని ఎంత తిట్టిందో నాకు గుర్తుంది. అందుకే రిమూవర్ కూడా కొన్నాను. రెండూ బాబాయ్ పారేయమన్న వంకర మూతలో పెట్టి, పైన కర్చీఫ్ కప్పి, నా బట్టల బీరువాలో అడుగున దాచాను.

ఎవరూ చూడని రంగు ఎందుకే అంది జ్యోతిర్మయి. నేను చూస్తాను కదా.

నవంబర్ 15, ఆదివారం

మూత టెస్ట్ అయింది. ట్యాంక్ నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి పెట్టారు. చుక్క కారలేదు. మందు కలిపిన నీళ్ళు పోసి నిన్న రాత్రంతా ఉంచారు. ఏమీ కాలేదు. నాన్న మూత కింద పెట్టి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. అన్నయ్యా, పిచ్చయ్య మూత బిగించుకుంటాడా, దాని మీద డాన్స్ చేస్తాడా అని బాబాయ్. ఏమో, మనోడు రెండూ చేస్తాడు అని నాన్న.

సాయంత్రం పిచ్చయ్య మామ వచ్చి మూత తిప్పి తిప్పి చూశాడు. ఏంది అన్వరూ, వేలి ముద్రల్లాగా గీతలు గీతలుగా ఉంది అన్నాడు. పొరలు మామా, అట్టాగే ఉంటాయి అన్నాడు బాబాయ్. మామ నీళ్ళు నింపిన పంపుకి దాన్ని బిగించి, భుజాన వేసుకుని, రోడ్డు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. ఊరికే. మామ భార్య పిచ్చమ్మత్త వెనకే నడుస్తూ వీపు తడుముతోంది. పొడిగా ఉంది, పొడిగా ఉంది అంటోంది. బాబాయ్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

నవంబర్ 19, గురువారం

రిమూవర్ కారిపోయింది. బీరువా తలుపు తీస్తే గుప్పుమని వాసన. పిచ్చి పట్టినట్టు అన్నీ బయటకి తీశాను. కర్చీఫ్ మూతకి అంటుకుపోయింది. లాగితే మూత సాగింది. నమిలిన చూయింగ్ గమ్ లాగా సాగింది. గట్టి ప్లాస్టిక్, నాన్న ఎక్కి నిలబడ్డ ప్లాస్టిక్.

అంతా పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి ట్రంకు పెట్టె వెనక పడేశాను. నాయనమ్మ వచ్చి ఏందే ఈ వాసన అంది. స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్ అన్నాను.

నవంబర్ 22, ఆదివారం

పిచ్చమ్మత్తతో చేలోకి పోయాను, మామకి అన్నం తీసుకుని. మిరప నడుం ఎత్తు వచ్చింది. ఆకులు ముడుచుకుపోయే పైముడత తెగులు వచ్చిందని మామ మందు కొట్టడానికి రెడీ అవుతున్నాడు.

ట్యాంక్‌లో నీళ్ళు పోశాడు. తర్వాత మూత తీసుకుని, వెల్లకిలా పట్టుకుని, మందు సీసా నేరుగా దాంట్లోకి వంచాడు. ఆ మూత లోతుగా గిన్నెలా ఉంటుంది. సగానికి వచ్చేదాకా పోసి, పైకెత్తి చూసుకుని, ట్యాంక్‌లో కుమ్మరించి, ఆ తడితోనే బిగించేశాడు. కొలతా అని అడిగాను. మరి, అరమూత ఒక ట్యాంకుకి, మా నాయన చెప్పిన లెక్క అన్నాడు. అందరూ అంతేనా మామా అంటే, సీసాతో పాటు కొలత గ్లాసు ఇస్తారులే, అది పిల్లలు బొమ్మరిల్లు ఆటకి పట్టుకుపోతారు అన్నాడు.

ఆ వాసన. నీళ్ళు కలపని మందు వాసన. సరిగ్గా అదే కాదు, కిరసనాయిల్ కూడా కలిసినట్టుంది, కానీ ముక్కు లోపల పొడిచేది రిమూవర్ లాగానే పొడిచింది.

బాబాయ్ నీళ్ళు కలిపిన మందుతోనే టెస్ట్ చేశాడు. మూతలో కొలుస్తారని బాబాయ్‌కి తెలియదు. నాన్నకి తెలుసు, కానీ తెలిసిన సంగతి చెప్పాలని తోచలేదు. గాలి పీలుస్తామని ఎవరైనా చెబుతారా.

నవంబర్ 23, సోమవారం

షాపు వెనక ఖాళీ మందు సీసాలు పడుంటాయి. చేతికి పాలిథిన్ కవరు కట్టుకుని, ఒక సీసాలో అడుగున మిగిలిన మందు ఇంకో సీసా మూతలో వంచాను. విరిగిన ABS ముక్క ఒకటి అందులో వేశాను. షాపు గోడ పక్కన ఇటుక కింద పెట్టాను. చేతులు సబ్బుతో ఎన్నిసార్లు కడిగానో.

నవంబర్ 24, మంగళవారం

మెత్తబడింది. పుల్లతో నొక్కితే గుంట పడింది. అంచున తెల్లగా సన్నటి పగుళ్ళు.

మామ మూత ఒక్కసారికి పోదు. పోస్తూ పోస్తూ ఉంటే పోతుంది. మరలు మెత్తబడి, ఏదో ఒక రోజు చేను మధ్యలో, ట్యాంక్ నిండుగా ఉండగా ఊడుతుంది. అప్పుడు కారడం కాదు, వీపు మీద కుమ్మరిస్తుంది.

చెప్పాలి.

నవంబర్ 25, బుధవారం

చెప్పలేదు.

నవంబర్ 26, గురువారం

చెబుదామనే మేడ ఎక్కాను. బాబాయ్ మిషన్ పక్కన కూర్చుని పాట పాడుకుంటున్నాడు. కాలేజీలో ప్రిన్సిపాల్ గారు మూత చూసి, ఇది నువ్వు ఇంట్లో చేశావా అని రెండుసార్లు అడిగారట. ఆ రెండోసారి ఎలా అడిగారో నాకు నటించి చూపించాడు. ఇంకో నాలుగు మూతలు చేసి పెట్టాడు, అదే పాత పంపు ఉన్న వేరే రైతులకి. ఫీడ్ ఇంజనీర్ గారూ, మనం పైకి వచ్చేస్తున్నాం అన్నాడు.

నాకు తెలుసు అంటే, ఎలా తెలుసు అంటాడు. ఎలా తెలుసో చెబితే బీరువా, కర్చీఫ్, పాలిష్ అన్నీ వస్తాయి. నాయనమ్మ దాకా పోతుంది. నేను తీగ చుట్ట పక్కన పెట్టి, కింద హోంవర్క్ ఉందని వచ్చేశాను.

నవంబర్ 27, శుక్రవారం, సాయంత్రం 6

నాకు ఒక మంచి ఐడియా వచ్చింది. పిచ్చమ్మత్త వాళ్ళ వసారాలో పంపు ఉంటుంది. వాళ్ళిద్దరూ ఇంట్లో లేరు. మూత తీసుకొచ్చేశాను. మూత లేకపోతే మందు కొట్టడు. ఆ లోపల నేను ధైర్యం తెచ్చుకుని నెమ్మదిగా చెబుతాను. ఎవరికీ నష్టం లేదు.

రేపు బక్రీదు. నాయనమ్మ గోరింటాకు రుబ్బుతోంది.

నవంబర్ 28, శనివారం

పండగ. బిర్యానీ బాగుందో లేదో నాకు తెలియలేదు. పిచ్చమ్మత్త కూడా వచ్చి తింది. మూతని కుక్క ఎత్తుకుపోయిందమ్మా, ఆ కుక్క నోట్లో పురుగు పడ, అని తిడుతూ తింది. నా కంచంలోకి ముక్కలు వేస్తూనే ఉంది. తినవే, ఈకలాగా ఉన్నావు, అంటూ. నేను తిట్లన్నీ తిన్నాను.

రేపు ఇంకో మూత ఇస్తాలే అత్తా, చేసినవి ఉన్నాయి, అన్నాడు బాబాయ్. ఆ నాలుగూ తాళం వేసిన గదిలో ఉన్నాయి, నా చేతికి అందవు.

నవంబర్ 29, ఆదివారం, మధ్యాహ్నం 2

బాబాయ్ పొద్దున్నే చుట్టాలని బస్సెక్కించడానికి పోయాడు. పిచ్చయ్య మామ ఆగలేదు. ముడత ఆగుతుందా నా కోసం అన్నాడట. పాలిథిన్ కవరు కట్టుకుని చేలోకి పోయాడు. పాత పద్ధతే.

నాకు అది తట్టనే లేదు. మూత లేకపోతే ఆగుతాడనుకున్నాను. మూత లేకుండా ఇన్నాళ్ళు ఎలా కొట్టాడో కళ్ళారా చూసి కూడా.

రెండు ట్యాంకులు కొట్టేసరికి వాంతులు. కాలవ గట్టు మీద కూర్చుండిపోయాడు. అల్లాబక్షు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాన్న కూడా వెళ్ళాడు.

సాయంత్రం 5

సెలైన్ పెట్టారట. ఇంజెక్షన్లు ఇచ్చారట. చొక్కా తీసేసి సబ్బుతో వీపంతా కడిగారట. కళ్ళు తెరిచి మాట్లాడుతున్నాడు అని నాన్న ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుతున్నాడు అని అమ్మ అడిగింది. మూడో ట్యాంకు కలిపి పెట్టాను, అది పారబోయొద్దని చెప్పండి అంటున్నాడట.

బాబాయ్ ఇప్పుడే వచ్చాడు. నేను పైకి పోతున్నాను. ఇది రాస్తూ కూర్చుంటే మళ్ళీ పోను.

నవంబర్ 30, సోమవారం

నిన్న ఏం జరిగిందో రాయాలి.

ట్రంకు వెనక పొట్లం, నేను తెచ్చిన మామ మూత, ఇటుక కింద ముక్క, మూడూ బాబాయ్ ముందు టేబుల్ మీద పెట్టాను. పొట్లం విప్పాను. బాబాయ్ కర్చీఫ్ లాగి చూశాడు. మూత సాగిన చోట దారాలు దారాలుగా గట్టిపడిపోయింది. ఇది ఏంటి అన్నాడు. నెయిల్ పాలిష్ రిమూవర్ అన్నాను. ఇది, అన్నాడు ముక్క చూపించి. మందు, నీళ్ళు కలపనిది, మామ మూతతోనే కొలుస్తాడు, నేను చూశాను, పోయిన ఆదివారం చూశాను అన్నాను. తర్వాత ఏడుపు.

ఎప్పుడు తెలిసింది అన్నాడు. చెప్పాను. బాబాయ్ లేచి, ఆ నాలుగు మూతలు తీసుకుని సుత్తితో ఒక్కొక్కటి పగలగొట్టాడు. కోపంతో కాదు. పొరపాటున కూడా ఎవరి చేతికీ పోకూడదని. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీకు భయం వేసినప్పుడు నాకు చెప్పేసేయ్, ఇద్దరం భయపడదాం, ఒక్కదానివే దాచుకుంటే ఇట్టా ఆసుపత్రి దాకా వస్తుంది అన్నాడు. నేను టెస్ట్ చేసినప్పుడు మామని ఒక్క మాట అడగాల్సింది, నువ్వు దీంతో ఏమేం చేస్తావు మామా అని, అడగలేదు, అని కూడా అన్నాడు. తర్వాత ఇద్దరం ఆసుపత్రికి పోయాం.

మామకి నేనే చెప్పాను, మూత నేను తీశానని. మామ నా వైపు చూసి, మా ఆవిడ ఆ కుక్కని నిన్నంతా తిట్టిందమ్మా, దానికి పోయి క్షమాపణ చెప్పమను, అన్నాడు. పిచ్చమ్మత్త నవ్వలేదు. మంచం పట్టె పట్టుకుని నన్ను చూస్తూ ఉండిపోయింది. దానికంటే తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక నాయనమ్మ. మేడ మీది పొట్లం విప్పి రిమూవర్ వాసన చూసింది. నా కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుని గోళ్ళు చూసింది. రిమూవర్ కారిపోయాక తీయలేకపోయిన మెరూన్ ఇంకా అక్కడక్కడా ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఈ రంగేందే, ఎండిన నెత్తురులాగా ఉంది, కొనుక్కునేదానివి మంచిది కొనుక్కోకపోయావా, అంది.

డిసెంబర్ 3, గురువారం

మేడ మీద గాజు గ్లాసులు వరసగా. ఒక్కోదాంట్లో ఒక్కో ప్లాస్టిక్ ముక్క, నీళ్ళు కలపని మందులో. గది తలుపుకి తాళం, కిటికీలు తీసి, ఇద్దరికీ గ్లౌజులు.

ABS అదే కథ. మొక్కజొన్నది కూడా పనికిరాదు, పైగా అల్లాబక్షు మెడ. గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ తీగ నాన్న షాపులో ఉంటే దాంతో చేశాం. మందుకి ఏమీ కాలేదు. కానీ ట్యాంక్‌కి బిగించి నీళ్ళలో ఉంచితే నీళ్ళు తాగి ఉబ్బి, మూత పట్టేసింది. నాన్న పానా పెట్టి తీశాడు. చేలో పానా ఎవరు మోస్తారు.

మిగిలింది పాలీప్రొపిలీన్. ట్యాంకులు అతికించే వెల్డింగ్ రాడ్. మందులో నిన్నటి నుంచి ఉంది, తీసి కడిగితే కొత్తదానిలాగే ఉంది. కాకపోతే అది మిషన్ మాట వినదు. కింది పొర వేయగానే అంచులు పైకి లేచి, అప్పడంలా ముడుచుకుపోతుంది.

మామ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. డాక్టర్ చేలోకి పోవద్దన్నాడు. గట్టు దాకా పోయి చూసొస్తున్నాడట.

డిసెంబర్ 7, సోమవారం

అప్పడం. అప్పడం. అప్పడం.

డిసెంబర్ 10, గురువారం

బంద్. బస్సులు లేవు, స్కూల్ లేదు, బాబాయ్ కాలేజీ లేదు. పొద్దుటి నుంచి మేడ మీదే.

అట్టపెట్టెలకి అతికించే బ్రౌన్ టేపు కూడా ఇదే జాతి ప్లాస్టిక్ అని బాబాయ్‌కి నెట్‌లో ఎవరో చెప్పారు. మిషన్ పళ్ళెం మీద టేపు పరిచి దాని మీద వేశాం. పట్టుకుంది. ఒక పక్క కొంచెం లేచింది, దాన్ని గరుకు కాగితంతో రుద్దాం. చూడ్డానికి బాగాలేదు. బూడిద రంగు, వంకర అంచు. ABS మూత ఎంత నీటుగా ఉండేదో.

మూతలో కొలవొద్దని గట్టిగా చెబుదాం అన్నాను. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. చెబుదాం, కానీ కొలుస్తారు, వాళ్ళ నాయన లెక్క అది, అన్నాడు. నేను ఆలోచించి, అయితే లోపల గీత పెడదాం బాబాయ్, అరమూత ఎక్కడికో కళ్ళతో చూసుకునే పని లేకుండా, అన్నాను. మళ్ళీ గీసి, మళ్ళీ వేశాం. సాయంత్రానికి గీత ఉన్న మూత వచ్చింది. గీత పక్కన ఏం రాద్దాం అంటే ఏమీ వద్దన్నాను.

ఈసారి నీళ్ళు కలపని మందు అందులోనే పోసి ఉంచాం. బాబాయ్ రోజూ చూస్తాడు. నేనూ చూస్తాను.

డిసెంబర్ 14, సోమవారం

మూత గట్టిగానే ఉంది. ఇచ్చేశాం. బిగించుకోడానికి ఒకటి, అది పోతే ఉండడానికి ఇంకొకటి. మామ గీత చూసి, ఇది మా నాయన లెక్క కంటే తక్కువుందే అన్నాడు. మందు సీసా మీద రాసిందాని ప్రకారం పెట్టాను మామా అన్నాను. మామ బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ నా వైపు చూపించాడు. సరే, ఇంజనీరు చెప్పింది గదా అన్నాడు మామ.

రేపు కొడతాడు.

డిసెంబర్ 15, మంగళవారం

స్కూల్ నుంచి వచ్చేసరికి పిచ్చమ్మత్త మా గుమ్మంలో నిలబడుంది. ఆసుపత్రి తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. చేతిలో మామ చొక్కా. ఉతకలేదు, నీకోసమే ఉంచా, వాసన చూడు, అంది.

రెండు చేతులతో పట్టుకుని వీపు భాగం ముక్కుకి ఆనించుకున్నాను. తడిగా ఉంది. చెమట. ఉత్త చెమట.